దూకడం వేరు, దూకుడు వేరు

స్కైడైవింగ్‌లో శిక్షణ, భద్రత, క్రమశిక్షణ



విమానం మూడు వేల మీటర్ల ఎత్తులో ఎగురుతోంది. పక్క తలుపు తెరిచి ఉంది. ఒక మనిషి ఆ అంచు మీద నిలబడి కిందికి దూకేశాడు. టెలివిజన్‌లో ఇలాంటి దృశ్యం చూసినప్పుడు మనలో కొందరు "ఎంత ధైర్యం!" అనుకుంటారు. మరికొందరు "ఎంత పిచ్చి!" అనుకుంటారు. ఈ రెండు మాటల్లోనూ పూర్తి నిజం లేదు. ఆ మనిషి దూకింది ఒక్క క్షణంలోనే అయినా, దానికి ముందు నేల మీద ఎన్నో గంటల సాధన జరిగింది. మన కళ్ళకు కనిపించేది దూకడం. కనిపించనిది శిక్షణ.

తెలుగులో దూకడం, దూకుడు అని రెండు మాటలున్నాయి. రెండింటికీ ధాతువు ఒకటే అయినా అర్థాలు వేరు. దూకడం ఒక పని. దూకుడు ఒక స్వభావం. ఆకాశం నుంచి దూకేవాళ్ళకు దూకుడు పనికిరాదు అన్నదే ఈ పాఠం సారాంశం. ఎందుకు పనికిరాదో భౌతికశాస్త్రం సాయంతోనూ, ఈ రంగం నడిచి వచ్చిన చరిత్ర సాయంతోనూ తెలుసుకుందాం. ఆ చరిత్రలో మన దేశానికి సంబంధించిన తొలి పుట కోల్‌కతాలోనే ఉంది.

కలకత్తా ఆకాశంలో ఒక వ్యాయామవీరుడు

అది 1889వ సంవత్సరం. విమానం ఇంకా పుట్టలేదు. రైట్ సోదరులు ఎగరడానికి మరో 14 ఏళ్ళ వ్యవధి ఉంది. అప్పటికి మనిషిని పైకి తీసుకువెళ్ళగలిగింది బెలూన్ ఒక్కటే. ఆ ఏడాది పెర్సివల్ స్పెన్సర్ అనే ఆంగ్లేయ బెలూనిస్టు భారతదేశానికి వచ్చి బొంబాయి, కలకత్తా నగరాల్లో ప్రదర్శనలు ఇచ్చాడు. బెలూన్‌లో పైకి వెళ్ళడం, అక్కడి నుంచి పారాచూట్‌తో దిగడం ఆయన విద్య. కలకత్తా జనం తండోపతండాలుగా వెళ్ళి చూశారు.

ఆ చూసినవాళ్ళలో రామచంద్ర చటర్జీ అనే బెంగాలీ ఉన్నారు. ఆయన జిమ్నాస్టిక్స్‌లోనూ సర్కస్ విద్యల్లోనూ ఆరితేరినవాడు. చూసి చప్పట్లు కొట్టి ఇంటికి పోలేదు. తనకూ నేర్పమని స్పెన్సర్‌ను అడిగారు. 1889 ఏప్రిల్‌లో గురువుతో కలిసి బెలూన్‌లో పైకి వెళ్ళారు. మే నెలలో ఒంటరిగా ఎగిరారు. బెలూన్‌లో నింపడానికి కావలసిన వాయువు నార్కెల్‌డాంగాలోని ఓరియంటల్ గ్యాస్ కంపెనీ నుంచి వచ్చింది. కలకత్తా వీధి దీపాలకు బొగ్గు వాయువును సరఫరా చేసిన కంపెనీ అదే. ఆ తరవాత దాదాపు పది నెలలకు, 1890 మార్చిలో, రామచంద్ర చటర్జీ బెలూన్ నుంచి పారాచూట్‌తో కలకత్తా నేల మీదికి దిగారు. పారాచూట్‌తో దిగిన తొలి భారతీయుడిగా ఆయన పేరు చరిత్రలో నిలిచింది.

ఈ కథలో మనం గమనించవలసింది ధైర్యం ఒక్కటే కాదు, వరుస కూడా. మొదట గురువుతో కలిసి, తరవాత ఒంటరిగా, ఆ పిమ్మట దూకడం. ఒక్కో మెట్టూ ఎక్కి, అది కాలికి అలవాటయ్యాకే తరవాతి మెట్టు. ఆయన శరీరానికి కసరత్తు ముందే ఉంది. అయినా ఆయన నేరుగా మూడో మెట్టు మీదికి ఎగరలేదు. ఈనాడు ప్రపంచంలో ఏ స్కైడైవింగ్ కేంద్రానికి వెళ్ళినా కనిపించే శిక్షణ క్రమం మూలంలో ఇదే.

కోల్‌కతా ఆకాశానికి ఈ చరిత్రలో మరో స్థానం కూడా ఉంది. 1971 డిసెంబరు 11న, బంగ్లాదేశ్ విముక్తి యుద్ధంలో, మన సైన్యానికి చెందిన 2వ పారాచూట్ బెటాలియన్ ఢాకాకు ఉత్తరాన ఉన్న టంగైల్ దగ్గర పారాచూట్లతో దిగింది. ఆ సైనికులను మోసుకెళ్ళిన విమానాలు బయలుదేరింది ఖరగ్‌పూర్ సమీపంలోని కలైకుండా నుంచి, కోల్‌కతాలోని డమ్‌డమ్ నుంచి. వారికి దూకడం నేర్పిన బడి ఆగ్రాలో ఉంది. భారత వైమానిక దళం నిర్వహించే పారాట్రూపర్స్ ట్రెయినింగ్ స్కూల్ అది. వైమానిక దళ వైద్యురాలు గీతా చందా 1959 జులైలో పారాచూట్‌తో దూకి, మన దేశంలో ఆ పని చేసిన తొలి మహిళ అయ్యారు. ఇప్పటికీ మన సైనికుల ప్రాథమిక పారాచూట్ శిక్షణకు ఆగ్రాయే కేంద్రం.

పడుతున్న శరీరానికి ఏమవుతుంది?

ఇప్పుడు కొంచెం లెక్క చూద్దాం. కాగితం, పెన్సిల్ పక్కన పెట్టుకోండి.

ఒక వ్యక్తి 3,000 మీటర్ల ఎత్తున దూకి, 900 మీటర్ల దగ్గర పారాచూట్ విప్పుతాడనుకుందాం. అంటే 2,100 మీటర్లు కిందికి పడతాడు. గాలి అనేదే లేకపోతే అప్పటికి అతని వేగం ఎంత ఉండాలి? వేగం వర్గం = 2 × గురుత్వ త్వరణం × దూరం. లెక్క కడితే సెకనుకు సుమారు 203 మీటర్లు వస్తుంది. అంటే గంటకు 730 కిలోమీటర్లు. జెట్ విమానానికి దగ్గర వేగం! ఆ వేగంలో ఏ గుడ్డా నిలవదు, ఏ శరీరమూ తట్టుకోదు.

కాని నిజంగా అలా జరగదు. పడుతున్న శరీరాన్ని గాలి ఎదిరిస్తుంది. వేగం పెరిగేకొద్దీ గాలి నిరోధం వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. ఒక దశలో గాలి నిరోధం, శరీరం బరువు సమానమవుతాయి. అప్పటి నుంచి వేగం పెరగదు. దీన్నే అంత్య వేగం అంటారు. పొట్ట నేలవైపు పెట్టి, చేతులు కాళ్ళు చాపి పడే మనిషికి ఇది సెకనుకు సుమారు 55 మీటర్లు, అంటే గంటకు 200 కిలోమీటర్లు. ఈ వేగానికి చేరడానికి పది, పన్నెండు సెకన్లు పడుతుంది.

వాన చినుకులు మన తల మీద పడినా గాయం కాకపోవడానికి కారణం కూడా ఇదే. మేఘం నుంచి వేల మీటర్లు పడినా, చినుకు చిన్నది కాబట్టి దాని అంత్య వేగం చాలా తక్కువ.

ఇక పారాచూట్ చేసే పని ఏమిటి? అంత్య వేగాన్ని మాయం చేయడం కాదు, దాన్ని తగ్గించడం. 55 మీటర్ల వేగాన్ని 5 మీటర్లకు తేవాలంటే 11 రెట్లు తగ్గించాలి. నిరోధం వేగం వర్గం మీద ఆధారపడుతుంది కాబట్టి, గాలికి అడ్డుపడే వైశాల్యం 11 వర్గం, అంటే 121 రెట్లు పెరగాలి. పడుతున్న మనిషి గాలికి అడ్డుపడే వైశాల్యం సుమారు అర చదరపు మీటరు అనుకుంటే, దానికి 121 రెట్లు 60 చదరపు మీటర్లు. సైనికులు వాడే గుండ్రని పారాచూట్ వ్యాసం 9 మీటర్ల అటూ ఇటూ ఎందుకు ఉంటుందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. వృత్త వైశాల్యం సూత్రంతో మీరే సరిచూసుకోండి.

సెకనుకు 5 మీటర్ల వేగంతో నేలను తాకడమంటే సుమారు 1.3 మీటర్ల గోడ మీది నుంచి దూకినట్టు. నేర్చినవాడికి అది పెద్ద విషయం కాదు. నేర్వనివాడికి మడమ విరగడానికి ఆ ఎత్తు చాలు. అందుకే సైనిక శిక్షణలో మొదట నేర్పేది దూకడం కాదు, నేలను తాకడం. పాదాలు జతగా ఉంచి, తాకిన వెంటనే పిక్క, తొడ, పిరుదు, వీపు పక్క భాగం వరుసగా నేలకు ఆనేలా ఒరిగిపోవాలి. దెబ్బ ఒక్క చోట పడకుండా శరీరమంతా పంచుకుంటుంది. ఈ ఒరగడాన్ని చిన్న అరుగు మీది నుంచి వందలసార్లు సాధన చేయిస్తారు.

గుడ్డ గొడుగు నుంచి గాలి రెక్క దాకా

1797 అక్టోబరు 22న పారిస్‌లో గార్నెరిన్ అనే ఫ్రెంచివాడు బెలూన్ నుంచి పారాచూట్‌తో దిగాడు. ఆయన పారాచూట్ ఊయలలా విపరీతంగా ఊగింది. లోపల చిక్కుకున్న గాలి ఒకసారి ఒక అంచు నుంచి, మరోసారి మరో అంచు నుంచి బయటికి తన్నుకు రావడమే దానికి కారణం. నడినెత్తిన ఒక రంధ్రం ఉంచితే గాలి అక్కడి నుంచి క్రమంగా పోతుంది, ఊపు తగ్గుతుంది. అడ్డుకోవడానికి చేసిన వస్తువుకు రంధ్రం పెడితే అది మెరుగైంది! సైన్సులో ఇలాంటి చిత్రాలు చాలా ఉన్నాయి.

1919లో లెస్లీ ఇర్విన్ అమెరికాలో విమానం నుంచి దూకి, కొంతదూరం స్వేచ్ఛగా పడి, తన చేతితో తాడు లాగి పారాచూట్ విప్పుకున్నాడు. గాలిలో పడే మనిషికి స్పృహ ఉండదని, చేయి కదపలేడని అంతవరకు చాలామంది నమ్మేవారు. ఆ నమ్మకం ఆ రోజుతో పోయింది. స్కైడైవింగ్ అనే క్రీడకు అదే బీజం.

1960లలో డొమినా జాల్బర్ట్ అనే అమెరికన్ కొత్త రూపం కనిపెట్టాడు. రెండు గుడ్డ పొరల మధ్య గదులుంటాయి. ముందువైపు నోళ్ళు తెరిచి ఉంటాయి. గాలి లోపలికి దూరి గుడ్డను విమానం రెక్కలా ఉబ్బిస్తుంది. ఇది కిందికి దిగడమే కాక ముందుకు జారుతుంది, కావలసినవైపు తిరుగుతుంది. నేటి క్రీడాకారులు వాడేది ఈ చదరపు రెక్కనే. దిగే ముందు రెండు తాళ్ళూ కిందికి లాగితే రెక్క వెనుక అంచు వంగి వేగం తగ్గుతుంది. పిచ్చుక కొమ్మ మీద వాలేటప్పుడు రెక్కలు ఎలా విప్పుతుందో ఒకసారి గమనించండి.

పారాచూట్ ఒక్కసారిగా విచ్చుకోకూడదు. 55 మీటర్ల వేగం 0.2 సెకన్లలో 5 మీటర్లకు పడిపోతే శరీరం మీద గురుత్వ త్వరణానికి 25 రెట్ల కుదుపు పడుతుంది. అదే 3 సెకన్లలో జరిగితే రెండు రెట్లు కూడా ఉండదు. అందుకే తాళ్ళ మీద జారుతూ దిగే చిన్న గుడ్డముక్క ఒకటి అమర్చి, విచ్చుకోవడాన్ని మెల్లగా జరిగేలా చేశారు.

ప్రతి స్కైడైవర్ వీపు మీద పారాచూట్లు రెండు ఉంటాయి: ఒకటి ప్రధానమైనది, మరొకటి అత్యవసరానిది. మొదటిది చిక్కుపడితే దాన్ని వదిలించుకుని రెండోది విప్పాలి. వదిలించుకోవడానికి వాడే మూడు ఉంగరాల కొక్కేన్ని 1970లలో బిల్ బూత్ రూపొందించాడు. ఉంగరాలు ఒకదానిలో ఒకటి దూరి, ఒక్కో ఉంగరం దగ్గరా బలం కొంత తగ్గుతూ వచ్చి, చివరికి మనిషి బరువంతా ఒక సన్నని దారపు ముడి మీద నిలుస్తుంది. తుల సూత్రానికి ఇది చక్కని ఉదాహరణ. చేతితో ఒక్క లాగు లాగితే చాలు, అది వీడిపోతుంది.

మనిషి స్పృహ కోల్పోతేనో, ఎత్తు మరిచిపోతేనో? దానికీ ఒక సాధనం వచ్చింది. 1991లో జర్మనీ నుంచి సైప్రెస్ అనే పరికరం మార్కెట్లోకి వచ్చింది. ఇది గాలి పీడనాన్ని కొలుస్తూ ఎత్తునూ వేగాన్నీ లెక్క కడుతుంది. అనుభవజ్ఞుల కోసం చేసిన రకం, సుమారు 225 మీటర్ల ఎత్తులో కూడా మనిషి సెకనుకు 35 మీటర్లకు మించిన వేగంతో పడుతుంటే, అత్యవసర పారాచూట్ కట్టును తానే కోసి తెరుస్తుంది. అంత్య వేగంలో 225 మీటర్లు అంటే నాలుగు సెకన్లు. ఈ పరికరం చివరి ఆధారమే కాని మొదటి ఆధారం కాదని దీన్నిబట్టి తెలుస్తోంది కదా!

విద్యార్థికి నేర్పే పద్ధతులు

ఈ క్రీడలోకి రావడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి.

మొదటిది, జంటగా దూకడం. విద్యార్థిని శిక్షకుడి ముందు పట్టీలతో కడతారు. ఇద్దరికీ పారాచూట్ ఒకటే. బాధ్యత అంతా శిక్షకుడిదే. సరదాకు ఒకసారి దూకేవాళ్ళు చేసేది ఇదే. ఇది రుచి చూపిస్తుంది గాని విద్య నేర్పదు.

రెండోది, తాడు పద్ధతి. పారాచూట్‌కు కట్టిన పొడవైన పట్టీ రెండో కొస విమానానికి తగిలించి ఉంటుంది. మనిషి దూకగానే ఆ పట్టీయే పారాచూట్‌ను లాగి విప్పుతుంది. సైనికులు దూకేది ఎక్కువగా ఇలాగే. ఆగ్రా బడిలో ప్రాథమిక శిక్షణ పూర్తికావాలంటే ఐదుసార్లు దూకాలి. అందులో ఒకటి రాత్రి పూట.

మూడోది, 1980లలో వచ్చిన వేగవంతమైన స్వేచ్ఛాపతన శిక్షణ. మొదటిసారే పెద్ద ఎత్తు నుంచి దూకుతారు. ఇద్దరు శిక్షకులు చెరోపక్క పట్టుకుని విద్యార్థితో పాటు పడతారు. విద్యార్థి పని మూడే: ఒళ్ళు విల్లులా వంచి నిలకడగా ఉండడం, చేతి మీటరులో ఎత్తు చూసుకోవడం, సమయానికి పారాచూట్ విప్పడం. ఒక్కో మెట్టులో తాను చేయవలసింది చేసి చూపితేనే తరవాతి మెట్టు. లేకపోతే అదే మళ్ళీ. దీనికెవరూ చిన్నబుచ్చుకోరు.

ఏ దారిలో వచ్చినా మొదటి రోజు నేల మీదే గడుస్తుంది. కప్పుకు వేలాడదీసిన పట్టీల్లో విద్యార్థిని కూర్చోబెట్టి శిక్షకుడు ప్రశ్నలు వేస్తాడు. "పైన చూశావు. పారాచూట్ ముడిపడి ఉంది. ఏం చేస్తావు?" విద్యార్థి నోటితో చెబితే చాలదు. చూపు పిడి మీదికి, చేయి పిడి మీదికి, లాగడం, రెండో పిడి, లాగడం... వరుస తప్పకుండా చేసి చూపాలి. ఇరవైసార్లు, ముప్పైసార్లు అదే.

ఎందుకింత? కాలం లెక్క చూడండి. విద్యార్థులు సాధారణంగా 1,500 మీటర్ల దగ్గర పారాచూట్ విప్పుతారు. అసలు ఏమీ విచ్చుకోకపోతే నేలకు ఉన్న వ్యవధి 27 సెకన్లు. అమెరికాలోని పారాచూట్ సంఘం నియమం ప్రకారం ప్రధాన పారాచూట్ పనికిరాదని తేలిస్తే విద్యార్థి 2,500 అడుగులలోపు, అంటే సుమారు 760 మీటర్లకు దిగేలోపే నిర్ణయం తీసుకుని అమలు చేయాలి. విప్పడం మొదలుపెట్టిన క్షణం నుంచి చూస్తే దాదాపు 13 సెకన్లు. భయంతో గుండె కొట్టుకుంటున్నప్పుడు కూర్చుని ఆలోచించే వ్యవధి అది కాదు. ఆలోచన అంతా నేల మీద ముందే చేసి పెట్టుకోవాలి. పైన చేతికి గుర్తుండాలి. పరీక్ష హాల్లో కూర్చున్నాక పాఠం చదవడం మొదలుపెట్టేవాడి సంగతి మీకు తెలిసిందే.

దూకే మైదానం ఒక చిన్న ఊరు

స్కైడైవర్లు చేరే మైదానాన్ని డ్రాప్ జోన్ అంటారు. అక్కడి జీవితం ఒక చిన్న ఊరిలా ఉంటుంది. కాలేజీ విద్యార్థి, డాక్టరు, లారీ డ్రైవరు, రిటైరైన ఉద్యోగి ఒకే చాప మీద మోకాళ్ళ మీద కూర్చుని తమ తమ పారాచూట్లు మడతపెట్టుకుంటూ కనిపిస్తారు. అక్కడ గౌరవం డబ్బును బట్టి కాదు, లాగ్‌బుక్కును బట్టి. ఎన్నిసార్లు దూకారు, ఎక్కడ, ఎంత ఎత్తు, ఏం జరిగింది అన్నదంతా అందులో రాసుకుంటారు. పక్కన శిక్షకుడి సంతకం ఉంటుంది. అమెరికాలో మొదటి లైసెన్సు రావాలంటే కనీసం 25సార్లు దూకి ఉండాలి.

ప్రధాన పారాచూట్‌ను ఎవరిది వారు మడతపెట్టుకోవచ్చు. అత్యవసర పారాచూట్‌ను మాత్రం లైసెన్సు ఉన్న నిపుణుడే మడతపెట్టి సీలు వేయాలి. వాడినా వాడకపోయినా గడువు దాటితే విప్పి, పరీక్షించి, మళ్ళీ మడవాలి. అమెరికాలో ఆ గడువు 180 రోజులు. ఎన్నడూ వాడని వస్తువు మీద ఇంత శ్రద్ధ ఎందుకంటే, అవసరం పడిన రోజున రెండో అవకాశం ఉండదు గనుక.

విమానం ఎక్కేముందు ఒకసారి, దూకేముందు మరోసారి ఒకరి పట్టీలు మరొకరు చూస్తారు. వెయ్యిసార్లు దూకినవారు కూడా నిన్న వచ్చిన కుర్రవాడి ముందు వీపు తిప్పి నిలబడతారు. "నా కట్టు ఒకసారి చూడు బాబూ" అంటారు. ఇందులో చిన్నతనం లేదు. తన వీపు తనకు కనబడదన్నది వయసుతో మారని సత్యం.

గాలి ఎక్కువగా ఉంటే అందరూ టీ తాగుతూ కూర్చుంటారు. అమెరికా నియమాల్లో చదరపు పారాచూట్ వాడే విద్యార్థులకు గాలి హద్దు గంటకు 14 మైళ్ళు, అంటే సుమారు 22 కిలోమీటర్లు. అది దాటితే ఎంత దూరం నుంచి వచ్చినా, ఎంత డబ్బు కట్టినా ఆ రోజుకు లేదు. బెంగాల్‌లో మార్చి నుంచి మే దాకా సాయంత్రాలు విరుచుకుపడే కాలబైశాఖి గాలివాన గురించి మీరు వినే ఉంటారు. మధ్యాహ్నం నిర్మలంగా ఉన్న ఆకాశం చూస్తుండగానే నల్లబడుతుంది. అటువంటి ఉరుముల మేఘంలో గాలి పైకి లేస్తుంది. 1959లో విలియం రాంకిన్ అనే అమెరికన్ పైలట్ పాడైన విమానం నుంచి దూకి అలాంటి మేఘంలో పడ్డాడు. పది నిమిషాల్లో దిగవలసినవాడిని గాలి పైకీ కిందికీ విసురుతూ సుమారు 40 నిమిషాలు ఆడించింది. ఆయన బతికి బయటపడడం అద్భుతమే. రక్షించే గుడ్డే ఆ మేఘంలో బంధించే గుడ్డ అయింది.

ఈ ఊరిలో ఇంకొక మంచి ఆచారం ఉంది. విమానం పైకి వెళ్ళాక కూడా ఎవరికైనా మనసు ఒప్పకపోతే దూకకుండా విమానంలోనే దిగిరావచ్చు. ఎవరూ నవ్వరు. నవ్వేవాళ్ళుంటే ఆ కేంద్రం మంచిది కాదని అర్థం. నిదానమే ప్రధానం అన్న మాట అక్కడ సామెత కాదు, నియమం.

భద్రత పెరిగితే ప్రమాదం ఎందుకు పోలేదు?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. అమెరికాలో 1970లలో ఏడాదికి సగటున 40 మందికి పైగా ఈ క్రీడలో చనిపోయేవారు. 2023లో సుమారు 36 లక్షల 50 వేలసార్లు జనం దూకగా 10 మంది చనిపోయారు. అంటే 3,65,000 సార్లకు ఒకటి. ఇది ఎంతో మంచి మార్పు. పరికరాలు, శిక్షణ రెండూ కలిసి దీన్ని సాధించాయి.

అయితే ఆ మిగిలిన ప్రమాదాల తీరు మారింది. పూర్వం పారాచూట్ విచ్చుకోకనో, సమయానికి విప్పకనో చనిపోయేవారు ఎక్కువ. ఇటీవలి దశాబ్దాల్లో ఎందరో చక్కగా విచ్చుకున్న, ఏ లోపమూ లేని పారాచూట్ కిందే చనిపోయారు. ఎలా? చిన్న రెక్క వేగంగా పోతుంది. నేలకు దగ్గరలో దాన్ని ఒక్కసారిగా తిప్పితే మరింత వేగంగా దూసుకుపోతుంది. చూసేవారికి అది కనువిందు. లెక్క ఒక్క సెకను తప్పితే నేల ఎదురుగా ఉంటుంది.

మూడు ఉంగరాల కొక్కెం కనిపెట్టిన బిల్ బూత్ ఈ విషయాన్ని చమత్కారంగా చెప్పేవాడు. పరికరాలు ఎంత భద్రమైతే, మనుషులు అంత ఎక్కువ సాహసానికి పోయి చావుల సంఖ్యను మళ్ళీ అక్కడికే తెస్తారని ఆయన మాటల సారం. పై లెక్కలు చూస్తే అది అక్షరాలా నిజం కాలేదు, చావులు తగ్గాయి. కాని ఆ హెచ్చరికలో బలం ఉంది. భద్రత ఇచ్చిన వెసులుబాటును మనం దాచుకోవచ్చు, లేదా దుబారా చేయవచ్చు.

ఇంకో మానసిక బలహీనత కూడా ఉంది. ఒకడు ఒకసారి తనిఖీ చేయకుండా దూకాడు. ఏమీ కాలేదు. రెండోసారీ ఏమీ కాలేదు. "ఇప్పటిదాకా ఏమీ కాలేదుగా!" అన్న మాట అతని మనసులో రుజువుగా స్థిరపడుతుంది. నిజానికి అది రుజువు కాదు. వెయ్యిలో ఒకసారి జరిగే ప్రమాదం అనుకుంటే, వరుసగా వందసార్లు ఏమీ జరగకపోయే అవకాశం 90 శాతం ఉంది. అంటే ఆ వంద అనుభవాలు అతనికి దాదాపు ఏమీ నేర్పలేదు. నేర్పినట్టు భ్రమ మాత్రం కలిగించాయి. పూర్తిగా కొత్తవాడు భయంతో జాగ్రత్తగా ఉంటాడు. నిజంగా అనుభవజ్ఞుడు జ్ఞానంతో జాగ్రత్తగా ఉంటాడు. మధ్యలో, భయం పోయి జ్ఞానం ఇంకా రాని దశ ఉంది చూశారూ, ప్రమాదం కాచుకుని కూర్చునేది అక్కడే.

అందుకే మంచి కేంద్రాల్లో ప్రతి ప్రమాదాన్నీ, తృటిలో తప్పినవాటిని కూడా, అందరూ కూర్చుని చర్చిస్తారు. తప్పు ఎవరిదని కాదు, ఏ మెట్టు దగ్గర ఆపగలిగేవాళ్ళమని. చెప్పినవాడిని తిడితే రేపు ఎవరూ చెప్పరు. చెప్పకపోతే అదే తప్పు ఇంకొకరు చేస్తారు.

ఇది మీకెందుకు?

మీలో విమానం నుంచి దూకేవారు బహుశా కొద్దిమందే. ఎన్.సి.సి.లో చేరితే ఎంపికైన కొందరు కేడెట్లకు ఆగ్రాలో పారాచూట్ శిక్షణ దొరుకుతుంది. ఆసక్తి ఉన్నవారు మీ కాలేజీలోని ఎన్.సి.సి. అధికారిని అడగండి. ప్రైవేటు శిబిరాలకు వెళ్ళదలిస్తే ధర అడగడానికి ముందు నాలుగు ప్రశ్నలు అడగండి: ప్రభుత్వ అనుమతి ఉందా? శిక్షకుడి అర్హత ఏమిటి? అత్యవసర పారాచూట్ చివరిసారి ఎప్పుడు మడిచారు? ఏ గాలిలో ఆపేస్తారు? జవాబు చెప్పడానికి విసుక్కునే చోట దూకకండి.

మిగతా అందరికీ కూడా ఈ పాఠం ఉంది. మీరు రోజూ మోటారు సైకిలు ఎక్కుతారు. హెల్మెట్ ఉంటుంది, పట్టీ బిగించి ఉండదు. లేదా హెల్మెట్ ఉందన్న ధీమాతో వేగం పెంచుతారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో గోడకు కొట్టుకోవడమంటే సుమారు 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే నాలుగంతస్తుల మేడ మీది నుంచి, పారాచూట్ లేకుండా పడడంతో సమానం. లెక్క మీరే వేసి చూడండి. మేడ అంచున నిలబడితే మీకు కాళ్ళు వణుకుతాయి. బండి మీద వణకవు. ప్రమాదం ఒకటే, భయం వేరు. అందుకే భద్రతను భయానికి వదిలిపెట్టకూడదు, అలవాటుకు అప్పగించాలి.

ప్రయోగశాలలో ఆమ్లాన్ని నీటిలో పోయడం, నీటిని ఆమ్లంలో పోయకపోవడం. ఈతకు దిగేముందు లోతు కనుక్కోవడం. కరెంటు పని చేసేముందు మెయిన్ స్విచ్ ఆపడం, ఆపానని ఇంకొకరి చేత చూపించుకోవడం: ఇవన్నీ ఆ మైదానంలో పట్టీలు సరిచూసుకోవడం వంటివే.

135 ఏళ్ళ కిందట కలకత్తాలో ఒక వ్యాయామవీరుడు మెట్టు మెట్టుగా నేర్చుకుని గాలిలోకి అడుగు వేశాడు. ఆయనకు రెండో పారాచూట్ లేదు, ఎత్తు కొలిచి తానే విప్పే పరికరం లేదు. మనకు అవన్నీ ఉన్నాయి. ఆయనకున్న ఓపిక కూడా మనకు ఉంటే ఎంత ఎత్తుకైనా వెళ్ళవచ్చు, క్షేమంగా దిగవచ్చు.

ఆలోచించండి

1. ఒకే పారాచూట్‌తో 50 కిలోల వ్యక్తి, 100 కిలోల వ్యక్తి దిగితే వారి దిగే వేగాల నిష్పత్తి ఎంత?

2. ఒక ప్రమాదం జరిగే అవకాశం వెయ్యికి ఒకటి అయితే, 700సార్లలో కనీసం ఒకసారి జరిగే అవకాశం సుమారు ఎంత?

3. మీ ఇంట్లో, కాలేజీలో "ఇప్పటిదాకా ఏమీ కాలేదుగా" అని వదిలేసిన విషయాలు మూడింటిని గుర్తించి, వాటిని ఏ చిన్న అలవాటుతో సరిదిద్దవచ్చో మీ మిత్రులతో చర్చించండి.